అల్లుడి ముందు నోరెత్తని జగ్గమ్మ

మా అత్త జగ్గమ్మ నోటి సంగతి తెలియనివాళ్ళు చినగెడ్డవలసలో లేరు. రాజాం సంతలో ముదురు బెండకాయలు కలిపి అమ్మాడని ఒక బేరగాణ్ణి ఆమె తిట్టిన తిట్లు విని, పక్కవాడు తన తట్టలోని ముదురుకాయలు తనే ఏరి పారేశాడట. కరెంటు లైన్‌మన్, రేషన్ డీలరు, దారికడ్డంగా పడుకున్న గేదె, ఎవరినీ వదలదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె వంటింట్లో మామూలుగా మాట్లాడుతుంటే, వీధిలో పోట్లాట జరుగుతోందనుకుని బయటికి పరుగెత్తాను.

అంతటి మనిషి, అల్లుడు గడపలో కాలు పెట్టాడంటే కొంగు నెత్తిమీదికి లాక్కుని తలుపు చాటుకి పోతుంది. అల్లుడి ఎదుట అత్త నిలబడకూడదు, మాట్లాడకూడదు. మా ఇంట్లో పాతవాళ్ళ పట్టింపు అది. చెప్పక తప్పని మాటైతే గోడకో, గుంజకో, చంకలోని పసిపిల్లకో చెప్పాలి. "కూడు సల్లారిపోతంది, ఎవులైనా తింతారేటో" అని ఆమె గోడతో అంటే, అల్లుడు లేచి చేతులు కడుక్కోవాలి. ఈ నాటకం చూస్తే నాకు ఒళ్ళు మండేది. రాజాంలో ప్రైవేటు స్కూల్లో సైన్సు పాఠం చెప్పి ఇంటికొచ్చేసరికి అత్త గుంజతో కబుర్లాడుతూ ఉంటే మండదా మరి?

ఆ అల్లుడి పేరు మురళీమోహన్. అత్తకి సొంత కూతుళ్ళు లేరు. మావగారి తమ్ముడు చిన్నవయసులోనే పోతే, అతని కూతురు ఝాన్సీ పెళ్ళికి మావగారూ అత్తే పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. ఇప్పుడు మావగారూ లేరు. మురళీమోహన్ శ్రీకాకుళంలో ఉంటాడు. మంచివాడే, ఆ మాట దాచను. మావగారు మంచాన పడితే కారులో ఎక్కించుకుని ఆస్పత్రులన్నీ తిప్పింది అతనే. చిక్కల్లా అతని ఉద్యోగంతో వచ్చింది. మా ఊరి కొండ మీద రాయి తవ్వే కంపెనీలో అతను మేనేజరు. ఊళ్ళవాళ్ళతో వచ్చే తగాదాలు సర్దడం అతని పని.

కొండకి పడమటి పక్క ఆ క్వారీ ఎప్పటినుంచో ఉంది. సైరను, దాని వెనకే పేలుడు, అల్మరాలో గిన్నెల గలగల, గోడలకి బీటలు, మామిడాకుల మీద తెల్లటి దుమ్ము. వీటన్నిటికీ అలవాటు పడిపోయాం. మా ఖర్మ అనుకున్నాం. ఇప్పుడు తూర్పు పక్కకి కూడా తవ్వుతామని కంపెనీ దరఖాస్తు పెట్టింది. తూర్పు పక్కనే మా గెడ్డ పుట్టేది. రాళ్ళ సందులోంచి ఊట దిగి, వాగై, మా పొలం పక్కనుంచి పారుతుంది. మా వరి ఆకుమడికి ఆ నీళ్ళే. కోసిన గోగుకట్టలు ఊరబెట్టి నార తీసేదీ ఆ నీళ్ళలోనే. బోరు వేయిస్తే మా దగ్గర రాయి తగులుతుంది గానీ తడి తగలదు. గెడ్డ పోయిందంటే అత్తకి పొలం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇలాంటి విస్తరణకి అనుమతి ఇచ్చే ముందు చుట్టుపక్కల నేలకీ నీటికీ గాలికీ ఏం జరుగుతుందో ఒక నివేదిక రాయించాలి, ఊళ్ళో ప్రజాభిప్రాయ సభ పెట్టాలి. నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీ ఆఫీసుకి వచ్చిందంటే ఒక ఆదివారం తెచ్చి, అరుగు మీద కూర్చుని అత్తకి చదివాను. తెలుగు అక్షరాలతో ఉంది కాబట్టి తెలుగే అనుకోవాలి.

"'విస్తరణ వలన కలుగు ప్రతికూల ప్రభావములు నగణ్యములు' అని రాశారత్తా."

"నగణ్యములంటే ఏటే?"

"లెక్కలోకి తీసుకోనక్కర్లేదని."

"ఎవుల్ని?"

"మనల్నే."

ఇంకో పేజీలో గ్రామస్థుల ముఖ్య జీవనాధారం ఉప్పు తయారీ, చేపల వేట అని ఉంది. మా ఊరినుంచి సముద్రం చూడాలంటే బస్సులు మారి మారి పోవాలి. నౌపడ వైపు ఉప్పుమళ్ళ కోసం ఎప్పుడో రాసుకున్న కాగితాన్ని ఎవరో మహానుభావుడు తెచ్చి మా కొండకి అతికించాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అత్త మాత్రం పడీపడీ నవ్వింది. "ఉప్పు పండించీ కొంపే! మరి పప్పులో అంత పిసినారితనంగా ఏస్తావేటే ఉప్పు?" అంది.

తరవాతి వాక్యానికి ఆ నవ్వు ఆగిపోయింది. 'ప్రాజెక్టు పరిసరములలో సహజ నీటి ప్రవాహము లేదు. నిలవనీటి గుంట ఒకటి కలదు. నీరు లేదని స్థానిక రైతు జగ్గమ్మ తెలిపినది.'

ఊరి పేరులో గెడ్డ ఉంది. నివేదికలో లేదు. పైగా లేదన్నది మా అత్తట!

"ఎప్పుడన్నావత్తా ఈ మాట?" అని అరిచాను.

అత్త చాలాసేపు ఆలోచించింది. అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు కార్తీకంలో, గోగు ఊరబెట్టిన రోజులవి. ఊళ్ళో ఇంకా గోగు వేసే మొండిమనిషి ఆమె ఒక్కతే. గోగు ఊరాలంటే నీళ్ళు నిలవాలి కాబట్టి గెడ్డకి అడ్డంగా మట్టికట్ట వేస్తాం. కట్టకి పైన మడుగు నిండుతుంది, కిందంతా ఎండుతుంది. నార తీయడం అయ్యాక కట్ట తెంచేస్తాం. గోగు కుళ్ళిన ఆ మడుగు నీళ్ళు నల్లగా, ముక్కు పగిలే కంపుతో ఉంటాయి. సరిగ్గా అప్పుడే భుజాన సంచీతో ఒక కుర్రాడు ఎండిన గెడ్డలోంచి నడుచుకుంటూ వచ్చాడు.

"ఎండకి మొకం వాడిపోయుంది. 'ఏవమ్మా, ఇక్కడ నీళ్ళున్నాయా' అన్నాడు. దాహమేసి అడిగినాడనుకున్నాను. ఆ కుళ్ళు నీళ్ళు మనిసికిస్తామేటి? 'నేవు బాబూ, ఇక్కడ నేవు, ఇంటికి రా' అని తీసుకొచ్చి సోడంబలి పోసినాను. ఉల్లిపాయ నంజుకుని సుబ్బరంగా తాగినాడు. పేరడిగినాడు. ఏటో రాసుకున్నాడు. నాకేటి తెలుసే!"

చోడంబలి, అదే రాగి అంబలి, తాగి మరీ మా గొంతు కోశాడన్నమాట. ఆ కుర్రాడి మీద వచ్చిన కోపం అత్త మీద వెళ్ళగక్కాను. వచ్చినవాడు ఎవడో, ఎందుకొచ్చాడో అడగాలని తెలియదా అన్నాను. "ఇంటికొచ్చినోడికి ముందు అంబలి పోస్తారేటే, ఊరూ పేరూ అడుగుతారేటే" అని ఆమె నా మీద అంతెత్తున లేచింది.

చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. నీళ్ళు లేవన్నది ఆమె. ఆ మాట సభలో లేచి దిద్దుకోవలసిందీ ఆమే.

"సెప్తాను. నాకేటి భయం? కలక్టరు కాదు, ఆల్ల బాబొచ్చినా సెప్తాను" అంది.

ఆ వారమే మురళీమోహన్ వచ్చాడు. అత్త తలుపు చాటుకి పోయింది. అతను కాఫీ తాగుతూ, సభలో కంపెనీ తరఫున బల్ల దగ్గర కూర్చునేది తనేనని చెప్పాడు. "అత్తని వచ్చి కూర్చోమని చెప్పు చెల్లెమ్మా, భోజనాలు కూడా ఉన్నాయి" అన్నాడు. తలుపు వెనక గడియ చప్పుడయింది. అతను వెళ్ళాక అత్త మొహం చూస్తే నాకు విషయం అర్థమైపోయింది.

"అల్లుడి ముందల మైకు పట్టుకుని మాటాడమంతావేటే? ఆ కాళ్ళు కడిగి పిల్లనిచ్చినాం. నా వల్ల కాదు. నువ్వు సెప్పు."

"నేను చెబితే ఏం లాభం? నీ పేరు రాశారు అందులో!"

"నా వల్ల కాదంతే."

బతిమాలాను, తిట్టాను, ఒక పూట మాట్లాడ్డం మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వీధిలో మిగతావాళ్ళు నయమా అంటే అదీ లేదు. వరసకి అందరూ అతనికి అత్తలే. మగవాళ్ళేమో, వడ్డించేవాడు మనవాడైతే బంతి చివర కూర్చున్నా ఫరవాలేదన్న ధీమాలో ఉన్నారు. మా ఆయన గోపి సంగతి అడగక్కర్లేదు. బావకీ తల్లికీ మధ్య తను నోరు విప్పనని సభరోజు లారీకి ధాన్యం లోడు పెట్టుకుని పోయాడు. కంపెనీవాళ్ళు తెలిసే ఈ అల్లుణ్ణి పంపితే మాత్రం వాళ్ళ తెలివికి దణ్ణం పెట్టాలి.

జ్యేష్ఠమాసంలో, తొలకరి వానలు పడ్డాక, స్కూలు మైదానంలో షామియానా వేసి సభ పెట్టారు. వేదిక మీద పెద్దాఫీసరు, పక్కన పర్యావరణ ఇంజనీరు, కాస్త ఎడంగా కంపెనీ బల్ల. ఆ బల్ల దగ్గర మురళీమోహన్, నివేదిక రాసిన సంస్థ తాలూకు నిపుణుడు. ఒక మూల వీడియో తీస్తున్నారు, ఇంకో మూల బిరియానీ పొట్లాలు సర్దుతున్నారు. అత్త ఆడవాళ్ళ వరసల్లో ఆఖరున, ముసుగేసుకుని కూర్చుంది.

నా వంతు వచ్చింది. ముందు ఉప్పు సంగతి ఎత్తాను. అందరూ నవ్వారు, ఆఫీసరు కూడా నవ్వాడు. "అచ్చుతప్పండీ, తుది నివేదికలో సవరిస్తాం" అన్నాడు నిపుణుడు. సముద్రాన్ని తెచ్చి మా ఊరి పక్కన పెట్టడం అచ్చుతప్పట! తరవాత గెడ్డ సంగతి చెప్పాను. ఆయన పేజీ తిప్పి, మైకులో గట్టిగా చదివాడు: "'నీరు లేదని స్థానిక రైతు జగ్గమ్మ తెలిపినది.' ఆమె ఇక్కడ ఉంటే అడగండి సార్."

అందరూ వెనక్కి తిరిగారు. అత్త ముసుగు ఇంకా కిందికి లాక్కుంది. ఆఫీసరు ఎవరా జగ్గమ్మ అని అడిగాడు. మురళీమోహన్ లేచి, "మా పెద్దత్త సార్. అబద్ధం ఆడే మనిషి కాదు" అన్నాడు. గౌరవంగానే అన్నాడు. అదే ఇంకా మండింది నాకు. ఆమె నిజాయితీనే ఆమె గెడ్డకి అడ్డుకట్టగా వేశాడు.

ఆ మాటకి అత్త లేచింది. వరసలు దాటుకుంటూ వచ్చి నా చేతిలోని మైకు లాక్కుంది. వేదికకి వీపు పెట్టి, షామియానా గుంజకి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఇటు తిరిగి మాట్లాడాలి. వీడియోలో మొహం కనబడాలి" అన్నాడు ఆఫీసరు.

అత్త తిరగలేదు. అల్లుడి వరస సంగతి నేను చెప్పాను. ఆఫీసరు తల పట్టుకున్నాడు. అల్లుణ్ణి కాసేపు బయటికి పంపుదామంటే కంపెనీ ప్రతినిధి లేకుండా సభ జరపకూడదట. వీపు చూపించి చెప్పిన మాట చెల్లుతుందా లేదా అని వేదిక మీద గుసగుసలు మొదలయ్యాయి. గెడ్డ ఉందా లేదా అని తేల్చమంటే మా అత్త మొహం ఎటుందో తేల్చడానికి ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చున్నారు. ఆమె అవేమీ పట్టించుకోకుండా గుంజకి చెప్పడం మొదలెట్టింది. గోగు సంగతి, మట్టికట్ట సంగతి, కుర్రాడి దాహం, అంబలి, ఒక్కటీ వదలకుండా చెప్పింది. "ఆ పిల్లడికి నీళ్ళియ్యకూడదని నేవన్నాను గానీ, గెడ్డలో నీళ్ళు నేవని ఎందుకంతాను?" అంది.

జనం చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అనుకున్నాను. నా అమాయకత్వం కాకపోతే!

నిపుణుడు నింపాదిగా లేచాడు. "సార్, రెండు విషయాలు నమోదు చేయాలి. అది మురుగునీరని, మనిషి తాగడానికి పనికిరాదని ఆమే ఒప్పుకున్నారు. ఇక ప్రవాహం అంటారా, వానలకి నాలుగు నీళ్ళు పారొచ్చు. ఎండాకాలం ఉండదు. అలాంటిదాన్ని నీటివనరు అనరు."

"మీరు ఈ ఊరి అల్లుడు కదా, మీకు తెలుసుండాలి. ఎండాకాలం ఉంటుందా?" అని ఆఫీసరు మురళీమోహన్‌ని అడిగాడు.

అతను బల్ల మీది నీళ్ళసీసా కేసి చూస్తూ, "ఎండల్లో ఎండిపోద్ది సార్" అన్నాడు.

అత్త గిర్రున వెనక్కి తిరిగింది. కొంగు నెత్తిమీంచి జారిపోయింది. దాన్ని సర్దుకోలేదు. పెళ్ళిపీటల తరవాత ఆమె మొహం ఎదురుగా చూడటం మురళీమోహన్‌కి అదే మొదటిసారి అనుకుంటాను. చప్పున లేచి నిలబడ్డాడు.

"అల్లుడా! నీ పెళ్ళి ఏ నెలలో అయినాది?"

"వైశాఖం అత్తా."

"ఊళ్ళో నూతులన్నీ ఎండిపోనాయి. పెళ్ళికి నీళ్ళు నేక మీవోలు గోల పెట్టినారు. గుర్తున్నాదా?"

"ఉన్నాది."

"మీ మావ నీ కాళ్ళు కడిగినారు. సెంబుతో పోసింది నాను. బిందె నెత్తినెట్టుకుని తెచ్చిందీ నానే. ఆ నీళ్ళెక్కడివి?"

అతను జనం కేసి చూశాడు. ఝాన్సీ పెళ్ళికి వచ్చినవాళ్ళు సగం మంది ఆ షామియానా కిందే ఉన్నారు.

"మురుగునీళ్ళతో కడిగినామేటి నీ కాళ్ళు? సెప్పు బాబూ, ఎక్కడివి?"

"గెడ్డవి."

"మైకులో చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

"గెడ్డవే సార్. వైశాఖంలోనే" అన్నాడు మురళీమోహన్, తల దించుకుని.

ఆ మాటలు నమోదయ్యాయి. నెలరోజుల్లో గెడ్డని స్వయంగా పరిశీలించి గానీ దరఖాస్తు ముందుకి పంపేది లేదని ఆఫీసరు ప్రకటించాడు. ఊరంతా అత్తని మోసినంత పని చేసింది. ఆమె మాత్రం ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. "కాళ్ళు కడిగినోణ్ణి నలుగుర్లో నిలదీసినాను. మీ మావుంటే నా మొకం సూడరు" అని ఏడ్చింది. ఝాన్సీ ఫోన్ చేసి, తన మొగుడి పరువు తీశామని నన్ను కడిగేసింది. అత్త నోరు విప్పాలని అన్నాళ్ళు పోరినదాన్ని నేనే. ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

నెలరోజులన్నారు కదా! ఆషాఢంలో ఆఫీసరుకి వేరే పని పడింది. శ్రావణంలో వానలన్నారు. భాద్రపదంలో ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. శ్రీకాకుళం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి నా తలప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ కార్తీకం వచ్చేసింది. గోగు కోశాం. కట్టలు కట్టి గెడ్డ ఒడ్డున నిలబెట్టాం. అత్త మట్టికట్ట వేయనంది.

"ఊరబెట్టకపోతే నార రాదత్తా! ఏడాది కష్టం!"

"పోతే పోనీ. కట్టేస్తే కింద ఎండిపోద్ది. ఆల్లు ఆరోజే వస్తారు. అప్పుడేటి సూపిస్తావు?"

కట్టలు ఒడ్డునే ఎండి, ఆకు రాలి, కర్రల్లా బిగుసుకుపోయాయి. పొయ్యిలోకి తప్ప పనికిరాకుండా పోయాక, అప్పుడు దిగారు మహానుభావులు. పెద్దాఫీసరు, ఇంజనీరు, ఆ నిపుణుడే, వెనకాల మురళీమోహన్. అతన్ని చూడగానే అత్త కొంగు లాక్కుని తాటిచెట్టు చాటుకి పోయింది.

గెడ్డ గలగలా పారుతోంది. అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయి. నిపుణుడు ఒడ్డునే నిలబడి, "మొన్న తుఫానుకి పడ్డ వాననీరు సార్" అన్నాడు. ఊట పైనుంది, రండి చూపిస్తానన్నాను. ముళ్ళకంపలు అన్నాడు. నీళ్ళలోంచే నడిచి పోవచ్చన్నాను. ఇంజనీరు తన బూట్ల కేసి చూసుకున్నాడు. ఫోటో తీసుకుంటే చాలన్నారు. ఎండిన గోగుకట్ట ఒకటి తీసి వీపులు విరగ్గొడదామన్నంత కోపం వచ్చింది నాకు.

అప్పుడు మురళీమోహన్ ఎవరితోనూ ఏమీ అనకుండా ఒడ్డున కూర్చుని బూట్లు విప్పాడు. ప్యాంటు పైకి మడిచాడు. నీళ్ళలో దిగి, రాళ్ళు పట్టుకుంటూ పైకి నడిచిపోయాడు. కాసేపటికి కొండ చరియ మీదినుంచి కేక వినబడింది.

"సార్, రండి! ఊట ఇక్కడున్నాది. వాననీరు కాదు, రాయిలోంచి వస్తన్నాది. రండి!"

కంపెనీ మనిషే పిలుస్తుంటే ఇక తప్పలేదు. ఒకరి తరవాత ఒకరు బూట్లు విప్పారు. నిపుణుడు అందరికంటే ఆఖరున, సాక్సు జేబులో పెట్టుకుని దిగాడు.

దరఖాస్తు మీద నిర్ణయం ఇంకా రాలేదు. మురళీమోహన్ ఆ ఉద్యోగంలో ఎన్నాళ్ళుంటాడో తెలియదు. కానీ 'సహజ ప్రవాహము కలదు' అని ఇంజనీరు ఆరోజు రాయడం నా కళ్ళతో చూశాను.

అందరూ దిగి వచ్చి కార్లవైపు వెళ్ళిపోయారు. మురళీమోహన్ మాత్రం బూట్లు చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా తడిసి, తాటిచెట్టుకి దూరంగా నిలబడిపోయాడు. ముందుకి రావాలో వెళ్ళిపోవాలో తెలియనట్టున్నాడు.

చెట్టు వెనకనుంచి అత్త గొంతు వినిపించింది. తాటిచెట్టుతో చెబుతోంది.

"అల్లుడి కాళ్ళు తడిసిపోనాయి. ఎవులైనా తువ్వాలిస్తే తుడుసుకుంతారు. ఇంటికొస్తే సోడంబలి ఉన్నాది."

నేను తువ్వాలు తీసుకుని అతని దగ్గరికి వెళ్ళాను.